విదేశీ బ్యాంకు మునిగితే మన డిపాజిట్‌కి పూచీ ఎవరిది?

పద్మారావునగర్‌లో మా పిన్ని వాళ్లింట్లో, బీరువాలో చీరల అడుగున ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. ఎప్పుడో పట్టుచీర కొన్నప్పుడు వచ్చిన కవరు. ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, బాబాయి పెన్షన్ కాగితాలు, ఎల్ఐసీ బాండ్లు అన్నీ అందులోనే. 2023 మార్చిలో ఒక ఆదివారం ఆ కవరు డైనింగ్ టేబుల్ మీదకి వచ్చింది. ఆ నెల 10న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు (ఎస్‌వీబీ) మూతపడింది. 19న స్విట్జర్లాండ్‌లో 1856 నాటి క్రెడిట్ సూయిస్ బ్యాంకును యూబీఎస్ అనే ఇంకో బ్యాంకుకి అప్పగించేశారు. టీవీ పెడితే అదే, వాట్సాప్ తెరిస్తే అదే. ముంబైలో శ్యామ్‌రావు విఠల్ సహకార బ్యాంకును అందరూ ఎస్‌వీసీ అంటారు. పొట్టి పేర్లు దగ్గరగా ఉన్న పాపానికి, ఆ అమెరికా బ్యాంకుతో మాకు సంబంధం లేదని వాళ్లు ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. భయం అంత గట్టిగా పట్టుకుంది.

పిన్ని ఒక రసీదు తీసి నా ముందు పెట్టింది. సిటీలోనే ఉన్న ఒక విదేశీ బ్యాంకు శాఖలో తొమ్మిది లక్షల డిపాజిట్. బాబాయి రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో ఒక భాగం. "ఈ బ్యాంకు వాళ్లది కూడా బయటి దేశమే కదా నాన్నా! అక్కడ మునిగితే ఇక్కడి నా డబ్బు కూడా అటే పోతుందా?" అని అడిగింది. ఆ ప్రశ్న వెనకే ఇంకో రెండు కాగితాలు తీసింది. ఒకటి లండన్‌లో ఉన్న మా చెల్లెలి బ్యాంకు స్టేట్‌మెంటు ప్రింటు. రెండోది డాలస్‌లో ఉన్న తమ్ముడి కోసమని ఎవరో మేనేజరు ఇచ్చి వెళ్లిన బ్రోచర్, గిఫ్ట్ సిటీ అనే ప్రత్యేక ఆర్థిక కేంద్రంలో వేసే డాలర్ డిపాజిట్‌ది.

మూడు కాగితాలకీ మూడు వేర్వేరు జవాబులు. అది ఆ రోజు నాకు సగమే తెలుసు. మిగతా సగం తర్వాత చదివి తెలుసుకున్నాను. మన ఊళ్లో సగానికి సగం ఇళ్లకి బయటి దేశాలతో డబ్బు సంబంధం ఉంది. కానీ డిపాజిట్ బీమా గురించి ఇంట్లో మాట్లాడుకునేది ఏదో ఒక బ్యాంకు మునిగిన వారంలోనే. టెన్షన్‌లో అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే ఉంటుంది: "అది ఏ దేశం బ్యాంకు?" నిజానికి అది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది, మన డబ్బు ఏ దేశపు ఖాతా పుస్తకంలో, ఏ పేరు గల కంపెనీ దగ్గర జమ అయింది అని.

మన దేశంలో వేసిన డబ్బు

పిన్ని తొమ్మిది లక్షలతో మొదలుపెడదాం. మన దగ్గర డిపాజిట్లకు బీమా ఇచ్చేది రిజర్వు బ్యాంకుకు పూర్తిగా చెందిన సంస్థ, డిపాజిట్ ఇన్సూరెన్స్ అండ్ క్రెడిట్ గ్యారంటీ కార్పొరేషన్. పొట్టిగా డీఐసీజీసీ. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు కుప్పకూలినప్పుడు సామాన్యులు గగ్గోలు పెట్టారు. అలాంటి దెబ్బల తర్వాత 1962 జనవరి 1 నుంచి ఈ బీమా వచ్చింది. అప్పట్లో ఒక్కొక్కరికి 1,500 రూపాయల దాకానే. 1993లో అది లక్ష అయింది. అక్కడ ఇరవై ఏడేళ్లు కదలకుండా ఉండిపోయింది. 2020 ఫిబ్రవరి 4న ఐదు లక్షలు చేశారు.

ఈ బీమా వాణిజ్య బ్యాంకులన్నిటికీ ఉంటుంది. ప్రభుత్వ బ్యాంకులు, ప్రైవేటు బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు, సహకార బ్యాంకులతో పాటు మన దేశంలో పనిచేసే విదేశీ బ్యాంకుల శాఖలు కూడా ఇందులోకే వస్తాయి. బ్యాంకు కేంద్ర కార్యాలయం లండన్‌లో ఉందా, హాంకాంగ్‌లో ఉందా అని డీఐసీజీసీ చూడదు. బ్యాంకు కట్టాల్సిన ప్రీమియం వంద రూపాయలకు ఏడాదికి 12 పైసలని 2020లో పెట్టారు. అది బ్యాంకే భరించాలి, మన ఖాతాలోంచి కోయడానికి వీల్లేదు. చట్టం బీమా వద్దన్న జాబితా చిన్నది. ప్రభుత్వాల డిపాజిట్లు, బ్యాంకులు ఒకదాని దగ్గర ఒకటి పెట్టుకున్న డబ్బు, ఇంకా అలాంటివే కొన్ని. ఆ జాబితాలో ఒక ముక్క మాత్రం మన వ్యవహారానికి కీలకం: భారతదేశం వెలుపల స్వీకరించిన డిపాజిట్‌కు ఈ బీమా లేదు. సరిహద్దు గీత అక్కడుంది. విదేశీ బ్యాంకు మన ఊళ్లో తీసుకున్న డబ్బు గీతకి ఇవతల ఉంటుంది. మన బ్యాంకు విదేశంలో తీసుకున్న డబ్బు అవతల ఉంటుంది.

కాబట్టి పిన్నికి సగం ధైర్యం అక్కడే చెప్పొచ్చు. అయితే ఐదు లక్షలంటే అసలు, వడ్డీ కలిపి ఐదు లక్షలు. ఒకే బ్యాంకులో బేగంపేట శాఖలో ఒకటి, సోమాజిగూడ శాఖలో ఒకటి వేసినా రెండూ కలిపే లెక్క. ఆమె రసీదు మీద మొదటి పేరు ఆమెది, రెండో పేరు బాబాయిది. ఆ జంట పేరుకి ఐదు లక్షలు బీమాలో ఉన్నాయి, నాలుగు లక్షలు బయట ఉన్నాయి.

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇక్కడ ఉంది. డీఐసీజీసీ మనిషిని చూస్తుంది, ఆ మనిషి ఏ హోదాలో డబ్బు పెట్టాడో కూడా చూస్తుంది. పిన్ని ఒక్కదాని పేరు మీద ఉన్నది ఒక లెక్క. పిన్ని, బాబాయి అన్న వరుసలో ఉన్న జాయింట్ ఖాతా ఇంకో లెక్క. బాబాయి, పిన్ని అన్న వరుసలో ఉంటే అది మూడో లెక్క. బాబాయి ఒక్కడిది నాలుగోది. పేర్ల వరుస మారితే హోదా మారినట్టే, ప్రతిదానికీ విడిగా ఐదు లక్షల దాకా బీమా వస్తుంది. నామినీ పేరు మారిస్తే మాత్రం లెక్క మారదు. ఇది చెబితే పిన్ని నమ్మలేదు, ఇదేదో మోసంలా ఉందంది. మోసం కాదు, డీఐసీజీసీయే తన ప్రశ్నలు జవాబుల పత్రంలో రాసి పెట్టిన సంగతి. మొదటి పేరు ఎవరిదైతే వడ్డీ మీద టీడీఎస్ వాళ్ల పాన్ కింద పడుతుందని మాత్రం గుర్తుపెట్టుకోవాలి. బీమా కోసం వరుస మార్చి, పన్ను దగ్గర తికమక పడినవాళ్లను చూశాను.

అదే బ్యాంకులో మనకి అప్పు కూడా ఉంటే, ఆ బాకీ తీసేసి మిగిలిందే డిపాజిట్‌గా లెక్కకు వస్తుందనేది ఇంకో సంగతి.

బీమాకి బయట ఉన్న నాలుగు లక్షలు

మరి ఆ పైనున్న నాలుగు లక్షలు గాలిలో దీపమేనా? విదేశీ బ్యాంకు శాఖ విషయంలో మన చట్టం ఇంకో రెండు కట్టడులు పెట్టింది. వీటి గురించి ఎవరూ ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం, 1949. అందులో 11వ సెక్షన్ ప్రకారం, ఇక్కడ శాఖ తెరిచిన విదేశీ బ్యాంకు రిజర్వు బ్యాంకు దగ్గర కొంత సొమ్ము జమ చేసి ఉంచాలి. ఇక్కడి వ్యాపారం మీద వచ్చిన లాభంలో ఏటా ఐదో వంతు దానికి కలుపుతూ పోవాలి. ఏ కారణంతోనైనా ఆ బ్యాంకు ఇక్కడ వ్యాపారం మానేస్తే, ఆ సొమ్ము మీద మొదటి హక్కు భారతదేశంలోని అప్పులవాళ్లది. డిపాజిటరు కూడా బ్యాంకుకి అప్పు ఇచ్చినవాడే కదా! అంటే సొంత దేశంలో లిక్విడేటరు (మూతపడ్డ బ్యాంకు ఆస్తులు అమ్మి పంచే అధికారి) వచ్చి "అంతా ఒక కుప్పలో వేయండి, ప్రపంచమంతా పంచుతాను" అన్నా, ఆ సొమ్మును ముందు ఇక్కడివాళ్లకే చూడాలి.

రెండోది 25వ సెక్షన్. ఇక్కడి జనానికి ఇవ్వాల్సిన డిపాజిట్ల వంటి బాకీలు ఎన్ని ఉంటాయో, వాటిలో కనీసం 75 శాతానికి సరిపడా ఆస్తులు ప్రతి మూడు నెలల చివరా భారతదేశంలోనే ఉండాలి. ఇక్కడి డబ్బు పోగేసి మొత్తం బయటికి తరలించేయడానికి లేదు. డిపాజిట్లలో కొంత భాగం రిజర్వు బ్యాంకు దగ్గర, కొంత ప్రభుత్వ బాండ్ల వంటి వాటిలో ఉంచాలనే సీఆర్ఆర్, ఎస్ఎల్ఆర్ నిబంధనలు దీనికి అదనం.

వీటివల్ల నాలుగు లక్షలకి నూటికి నూరు శాతం హామీ వచ్చేసిందని చెప్పలేను, చెప్పకూడదు. ఆస్తులు ఉండటం వేరు, వాటిని అమ్మి పంచేసరికి పట్టే కాలం వేరు. కానీ "అక్కడ మునిగితే ఇక్కడిదంతా అటే కొట్టుకుపోతుంది" అన్న భయం మాత్రం సరికాదు.

ఇలాంటిది ఒకసారి జరిగింది కూడా. 1991 జూలై 5న బీసీసీఐని అనేక దేశాల్లో ఒకేసారి మూసేశారు. క్రికెట్ బోర్డు కాదు, బ్యాంక్ ఆఫ్ క్రెడిట్ అండ్ కామర్స్ ఇంటర్నేషనల్. దానికి అప్పట్లో బొంబాయిలో శాఖ ఉండేది. ఆ శాఖ వ్యాపారాన్ని చివరికి స్టేట్ బ్యాంకు తీసుకుని, దానికోసం ఎస్‌బీఐ కమర్షియల్ అండ్ ఇంటర్నేషనల్ బ్యాంకు అని వేరే బ్యాంకే పెట్టింది. అమెరికా అయితే ఆ ఏడాదే చట్టం మార్చేసింది. మామూలు జనం దగ్గర చిన్న డిపాజిట్లు తీసుకోవాలంటే కొత్తగా వచ్చే విదేశీ బ్యాంకు శాఖతో సరిపెట్టుకోకుండా, అమెరికాలో విడిగా ఒక బ్యాంకు కంపెనీ పెట్టాలని తేల్చింది.

ఐస్‌లాండ్ చెప్పిన పాఠం

శాఖ వేరు, అనుబంధ కంపెనీ వేరు. ఈ ఒక్క తేడా అర్థమైతే విషయం ముప్పావు వంతు తేలినట్టే. శాఖ అంటే తల్లి బ్యాంకు ఒంట్లో చెయ్యి లాంటిది, తల్లి పడిపోతే అదీ పడుతుంది. అనుబంధ కంపెనీ కడుపున పుట్టిన పిల్ల. పేరు తల్లిదే ఉండొచ్చు, కానీ సొంత పెట్టుబడి, సొంత లైసెన్సు, సొంత లెక్కలు ఉంటాయి.

2008లో బ్రిటన్ జనానికి ఇది తల బొప్పికట్టి తెలిసింది. ఐస్‌లాండ్‌లోని లాండ్స్‌బాంకీ అనే బ్యాంకు ఐస్‌సేవ్ పేరుతో ఇంటర్నెట్‌లో డిపాజిట్లు తీసుకునేది. బ్రిటన్‌లో 2006 అక్టోబరులో మొదలుపెట్టింది, నెదర్లాండ్స్‌లో 2008 మేలో. వడ్డీ బాగా ఇచ్చింది. ఐస్‌లాండ్ జనాభా మూడు లక్షల పైచిలుకు. ఆ రెండు దేశాల్లో ఐస్‌సేవ్ ఖాతాదారులు కూడా మూడు లక్షలు దాటారు. 2008 అక్టోబరు 7న బ్యాంకు కూలింది. ఐస్‌సేవ్ నడిచింది శాఖగానే. యూరప్ నిబంధనల ప్రకారం శాఖలో డిపాజిట్‌కు మొదటి పూచీ సొంత దేశపు బీమా నిధిది. ఐస్‌లాండ్ నిధి ఒక్కొక్కరికి 20,887 యూరోలు ఇవ్వాలి. దేశంలోని పెద్ద బ్యాంకులు మూడూ ఒకే వారంలో కూలితే ఆ చిన్న నిధి ఎక్కడి నుంచి తెస్తుంది?

బ్రిటన్ ప్రభుత్వం ముందు తన ఖజానాలోంచి తన జనానికి డబ్బు కట్టేసింది. లాండ్స్‌బాంకీ ఆస్తుల్ని కదలనీయకుండా ఆపడానికి 2001 నాటి ఉగ్రవాద నిరోధక చట్టాన్ని వాడింది. ఒక మిత్రదేశపు బ్యాంకు మీద! ఆ తర్వాత ఈ డబ్బు మాకివ్వండని రెండు దేశాలూ ఐస్‌లాండ్‌ను అడిగాయి. 2010 మార్చిలో ఒకసారి, 2011 ఏప్రిల్‌లో ఇంకోసారి ఐస్‌లాండ్ ప్రజలు రెఫరెండంలో కుదరదన్నారు. ప్రైవేటు బ్యాంకు చేసిన అప్పు మా పిల్లలెందుకు కట్టాలన్నది వాళ్ల మాట. 2013 జనవరి 28న ఈఎఫ్‌టీఏ (యూరప్ స్వేచ్ఛా వాణిజ్య సంఘం) న్యాయస్థానం ఐస్‌లాండ్ వైపే తీర్పిచ్చింది. చివరికి బ్యాంకు ఆస్తులు అమ్మగా వచ్చిన డబ్బుతో ఆ బాకీ తీరేసరికి 2016 వచ్చింది.

అదే వారంలో ఐస్‌లాండ్‌లో ఇంకో బ్యాంకు, కౌప్‌థింగ్, కూడా కూలింది. దాని ఎడ్జ్ ఖాతాలు బ్రిటన్‌లో నడిపింది శాఖ కాదు, కౌప్‌థింగ్ సింగర్ అండ్ ఫ్రీడ్‌లాండర్ అనే బ్రిటిష్ అనుబంధ కంపెనీ. ఆ ఖాతాలు బ్రిటన్ బీమా కింద ఉన్నాయి. రాత్రికి రాత్రి వాటిని ఐఎన్‌జీ డైరెక్ట్‌కి మార్చేశారు, డిపాజిటర్లకు ఒక్క పౌండు పోలేదు. మరి అదే సింగర్ అండ్ ఫ్రీడ్‌లాండర్ పేరుతో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో నడిచిన బ్యాంకు? అది వేరే కంపెనీ. ఐల్ ఆఫ్ మ్యాన్ బ్రిటన్ పక్కనే ఉన్నా బ్రిటన్ బీమా అక్కడ చెల్లదు. అక్కడ దాచుకున్న పెద్దవాళ్లు ఏళ్ల తరబడి విడతలు విడతలుగా డబ్బు అందుకున్నారు. ఒకే దేశం బ్యాంకులు, ఒకే వారం. రసీదు మీద ఏ కంపెనీ పేరుంది, అది ఏ గడ్డ మీద నమోదైంది అన్నదాన్ని బట్టి డిపాజిటర్ల గతి మూడు రకాలైంది.

చదువుకున్నవాళ్లు, లెక్కలు తెలిసినవాళ్లు పొరపాటు పడరని అనుకోవద్దు. బ్రిటన్‌లో వందకు పైగా స్థానిక సంస్థలు ప్రజల పన్నుల డబ్బు తెచ్చి ఐస్‌లాండ్ బ్యాంకుల్లో పెట్టి ఇరుక్కున్నాయి.

ఈ అనుభవాల తర్వాతే మన రిజర్వు బ్యాంకు 2013 నవంబరులో విదేశీ బ్యాంకులు ఇక్కడ సొంత అనుబంధ కంపెనీ పెట్టుకునేలా మార్గదర్శకాలు తెచ్చింది. మారిషస్‌కి చెందిన ఎస్‌బీఎం, సింగపూర్‌కి చెందిన డీబీఎస్ అలా మారాయి. హెచ్ఎస్‌బీసీ, స్టాండర్డ్ చార్టర్డ్ లాంటివి శాఖలుగానే నడుస్తున్నాయి. డిపాజిట్ బీమా దగ్గర ఈ రెండు రకాలకీ తేడా లేదు, రెండిటికీ అదే ఐదు లక్షలు. తేడా వచ్చేది తల్లి బ్యాంకు కూలిన రోజు, ఆ దెబ్బ ఇక్కడిదాకా ఎంత వేగంగా వస్తుందన్న దగ్గర. 2020 నవంబరులో మన దేశపు లక్ష్మీ విలాస్ బ్యాంకు చతికిలపడితే, 25,000 మించి తీసుకోవద్దని ఆంక్షలు పెట్టి, పది రోజుల్లో దాన్ని కలిపేసింది డీబీఎస్ భారతీయ అనుబంధ కంపెనీలోనే. స్వదేశీ బ్యాంకు డిపాజిటర్లను విదేశీ బ్యాంకు బిడ్డ ఆదుకుంది.

లండన్, డాలస్, గిఫ్ట్ సిటీ

చెల్లెలి కాగితం సులువు. బ్రిటన్‌లో లైసెన్సున్న బ్యాంకులో దాచుకుంటే అక్కడి బీమా పథకం కాపాడుతుంది. 85,000 పౌండ్లుగా ఉన్న పరిమితిని 2025 డిసెంబరు 1 నుంచి 1,20,000 పౌండ్లు చేశారు. సాధారణంగా ఏడు పని దినాల్లో డబ్బు చేతికొస్తుంది. ఆమె భారతీయురాలా, వీసా ఏమిటి అన్నవి అడగరు. అక్కడ కూడా ఒక లైసెన్సుకి ఒకటే లెక్క. రెండు మూడు పేర్లతో నడిచే బ్యాంకులు లోపల ఒకే లైసెన్సు కింద ఉండొచ్చు. మన స్టేట్ బ్యాంకు కూడా 2018 నుంచి బ్రిటన్‌లో ఎస్‌బీఐ యూకే అని అనుబంధ కంపెనీగా ఉంది. అక్కడ వేసిన పౌండ్లకు బీమా బ్రిటన్‌ది, ముంబైది కాదు. "స్టేట్ బ్యాంకే కదా, మన ప్రభుత్వమే కదా" అనుకునే పెద్దవాళ్లకు ఇది నచ్చజెప్పడం కష్టం.

తమ్ముడి సంగతి కాస్త చిక్కు. అమెరికాలో ఎఫ్‌డీఐసీ అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చే డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో రెండున్నర లక్షల డాలర్ల దాకా ఉంటుంది, పౌరసత్వంతో పనిలేదు. సిలికాన్ వ్యాలీ బ్యాంకు విషయంలో పరిమితి దాటినవాళ్లకి కూడా మొత్తం ఇస్తామని 2023 మార్చి 12న ప్రకటించారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆ బ్యాంకుకి కేమన్ దీవుల్లో ఒక శాఖ ఉంది. ఆసియాలోని కొందరు ఇన్వెస్టర్లు ఆ శాఖలో డబ్బు పెట్టారు. వాళ్లకి ఆ హామీ వర్తించలేదు. విదేశంలో తీసుకున్న డిపాజిట్ కాబట్టి మామూలు అప్పులవాళ్ల వరుసలో నిలబడాల్సి వచ్చింది. అదే బ్యాంకు బ్రిటన్ అనుబంధ కంపెనీని మాత్రం మార్చి 13న హెచ్ఎస్‌బీసీ ఒక్క పౌండుకి కొనుక్కుంది, అక్కడి డిపాజిటర్లకు ఏమీ కాలేదు. మళ్లీ అదే కథ. ఒకే బోర్డు కింద మూడు చోట్లు, మూడు ఫలితాలు.

తమ్ముడి ఫోన్‌లో ఉన్నది బ్యాంకు కూడా కాదు, ఒక యాప్. వెనకాల ఎక్కడో ఒక బ్యాంకు ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో దాని పేరు ఉంటుంది. 2024లో సినాప్స్ అనే మధ్యవర్తి కంపెనీ దివాలా తీసినప్పుడు అలాంటి యాప్‌లలో డబ్బు దాచుకున్న లక్ష మందికి పైగా జనం నెలల తరబడి తమ ఖాతాలు ముట్టుకోలేకపోయారు. ఏ బ్యాంకూ మునగలేదు. మధ్యవర్తి లెక్కలు బ్యాంకుల లెక్కలతో కలవలేదు, అంతే. 6.5 నుంచి 9.6 కోట్ల డాలర్ల దాకా తేడా ఉందని దివాలా ట్రస్టీ అంచనా వేశారు. బ్యాంకు మునగలేదు కాబట్టి ఎఫ్‌డీఐసీ బీమా కదలలేదు. దేశం దాటి ఉన్న పిల్లలకు నేను ముందుగా చెప్పేది ఇదే: జీతం పడే డబ్బు, అత్యవసరానికి దాచిన డబ్బు నేరుగా బ్యాంకులో పెట్టుకోండి.

ఇక ఆ బ్రోచర్. గిఫ్ట్ సిటీ గుజరాత్‌లోనే ఉంది, బ్యాంకు పేరు మనకి తెలిసినదే, కాగితం మీద డాలర్ల వడ్డీ ముచ్చటగా కనిపిస్తుంది. సహజంగానే పిన్ని "మన దేశంలోనేగా, ఐదు లక్షల బీమా ఉంటుందిగా" అనుకుంది. లేదు. గిఫ్ట్ సిటీ ఆర్థిక కేంద్రంలో బ్యాంకులు యూనిట్లు పెట్టుకోవడానికి రిజర్వు బ్యాంకు 2015లో తెచ్చిన పథకంలోనే, ఆ యూనిట్ల డిపాజిట్లకు డిపాజిట్ బీమా వర్తించదని స్పష్టంగా రాసి ఉంది. అంటే అది చెడ్డ డిపాజిట్ అని కాదు. వెనక ఉన్న బ్యాంకు గట్టిదైతే భయపడాల్సిన పనీ లేదు. కానీ అమ్మేవాడు ఆ ఒక్క వాక్యం చెప్పకుండా సంతకం అడగడం నాకు అస్సలు నచ్చదు. ప్రవాస భారతీయుల కోసం ఉన్న ఎన్ఆర్ఈ, ఎఫ్‌సీఎన్ఆర్ డిపాజిట్లు ఇక్కడి మామూలు శాఖలో వేస్తే మాత్రం అందరితో పాటే ఐదు లక్షల బీమా ఉంటుంది.

తొంభై రోజులు

బీమా ఉందన్న ధైర్యం ఒక ఎత్తు, డబ్బు చేతికొచ్చేదాకా బతకడం ఇంకో ఎత్తు. హైదరాబాద్‌కి ఇది కొత్త కాదు. 2004 జూలై 24, శనివారం. సికింద్రాబాద్ కేంద్రంగా నడిచిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మీద మారటోరియం, అంటే చెల్లింపుల మీద తాత్కాలిక ఆంక్ష, విధించారు, పదివేలకు మించి తీసుకోవద్దన్నారు. ఆగస్టు 14 నాటికి ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు, డిపాజిట్లు భద్రంగా ఉన్నాయి. మన దేశంలో పెద్ద వాణిజ్య బ్యాంకుల కథ చాలావరకు ఇలాగే ముగుస్తూ వచ్చింది. అదే ఊళ్లో, అంతకు కొద్దిగా ముందు, కృషి, చార్మినార్ వంటి సహకార అర్బన్ బ్యాంకులు మూతపడ్డప్పుడు డిపాజిటర్లు ఎన్నాళ్లు తిరిగారో పాతబస్తీలో, సికింద్రాబాద్‌లో ఇప్పటికీ పెద్దవాళ్లు చెబుతారు. అప్పటి బీమా పరిమితి లక్ష. కూతురి పెళ్లికని దాచిన డబ్బు లక్ష దాటి ఉంటే, పై మొత్తం లిక్విడేటరు దయ.

2019లో ముంబైలో పీఎంసీ అనే సహకార బ్యాంకులో డిపాజిటర్ల డబ్బు ఇరుక్కుపోయిన గొడవ తర్వాత చట్టం మారింది. 2021 సెప్టెంబరు 1 నుంచి, రిజర్వు బ్యాంకు ఒక బ్యాంకు మీద ఆంక్షలు పెడితే, లైసెన్సు రద్దయ్యేదాకా ఆగకుండా తొంభై రోజుల్లో ఐదు లక్షల దాకా చెల్లించాలి. మొదటి నలభై ఐదు రోజుల్లో బ్యాంకు జాబితా ఇవ్వాలి, మిగతా సగంలో డీఐసీజీసీ సరిచూసి డబ్బు కట్టాలి. విలీనం ఆలోచన నడుస్తుంటే ఇంకో తొంభై రోజులు పొడిగించే వీలుంది. పాత రోజులతో పోలిస్తే ఇది పెద్ద మేలే. కానీ పెన్షన్ మీద, డిపాజిట్ వడ్డీ మీద నెల గడిపే ఇంటికి మూడు నెలలు తక్కువేమీ కాదు. మందుల షాపువాడు తొంభై రోజులు ఆగడు. బ్రిటన్ ఏడు రోజుల్లో ఇవ్వగలిగినప్పుడు, ఆధార్, యూపీఐ అన్నీ ఉన్న మన దేశం ఎందుకివ్వలేదని నేను అడుగుతాను. ఐదు లక్షల పరిమితి కూడా అంతే. మన దేశంలో ఖాతాల సంఖ్య చూస్తే వందలో 97కి పైగా పూర్తిగా బీమాలోకి వస్తాయి. ఆ లెక్క చూపించి సరిపోతుందంటారు. కానీ ఆ మిగిలిన రెండు మూడింటిలో రిటైరైన టీచరు గ్రాట్యుటీ ఉంటుంది, పొలం అమ్మిన రైతు డబ్బు ఉంటుంది. వాళ్లు పెద్ద ఇన్వెస్టర్లు కారు.

చిట్‌ఫండ్‌లకీ, మ్యూచువల్ ఫండ్లకీ, కంపెనీ డిపాజిట్లకీ ఈ బీమా లేదని వేరే చెప్పనక్కర్లేదు అనుకుంటాను. అయినా చెబుతున్నాను, ఎందుకంటే పిన్ని అది కూడా అడిగింది.

మొన్న ఆ తొమ్మిది లక్షల డిపాజిట్ గడువు తీరింది. పిన్ని, బాబాయి ఇద్దరూ బ్యాంకుకెళ్లి దాన్ని రెండు చేశారు. నాలుగున్నర పాత వరుసలోనే, నాలుగున్నర బాబాయి పేరు ముందు పెట్టి. కౌంటరు దగ్గర అమ్మాయి ఎందుకండీ అని అడిగితే పిన్ని ఆమెకే వివరంగా చెప్పిందట. వడ్డీ కలిసినా ఐదు దాటకూడదని గడువు కూడా చూసుకుని వేశారు. ప్రతి రసీదు వెనకాల పెన్సిల్‌తో మూడు ముక్కలు రాసింది: కంపెనీ పూర్తి పేరు, ఏ దేశంలో జమ, బీమా ఎంత. బ్రోచర్ ఇచ్చిన మేనేజరుకి, దీనికి డీఐసీజీసీ ఉందో లేదో మెయిల్‌లో రాసి పంపమంది. లేదని రెండు లైన్ల జవాబు వచ్చింది. దాన్ని ఫోటో తీసి తమ్ముడికి వాట్సాప్‌లో పంపి, "ఇది చదివి నువ్వే ఆలోచించుకో" అని రాసింది. కవరు మళ్లీ చీరల అడుగుకి వెళ్లిపోయింది.